డబ్బాలో ఎవరి విత్తనం?

బర్రె చూడి కట్టకపోతే తప్పెవరిది? ఏ పశువుల దవాఖానకైనా పోయి అడగండి. 'ఎద సరిగ్గా చూసుకోలేదు' అంటరు. తప్పంతా రైతుదే! సూది వేసేముందు ఆ స్ట్రాలో విత్తనం బతికుందా, సచ్చిందా అనేది మాత్రం ఎవరూ చెప్పరు.

పావు మిల్లీలీటరు స్ట్రా. అందులో రెండు కోట్ల కణాలు. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిలవ. కరిగించినంక అందులో సగమన్నా ముందుకు కదలాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. అది కేంద్రం గేటు దాకా. ఊర్లోకి వచ్చినంక? స్ట్రా వెతుక్కుంట గిన్నెను డబ్బా మూతి పైదాక లేపితే చాలు, లోపల మంచు పలుకులు పెరిగి కణాన్ని చీలుస్తయి. మళ్ల కిందికి దించితే సచ్చింది లేచిరాదు. కరిగించేందుకు 37 డిగ్రీల నీళ్లు, 30 సెకన్లు కావాలె. అంటే ఒక ఫ్లాస్కు, ఒక థర్మామీటరు, ఒక గడియారం. అవి లేక అరచేతుల నడుమ నలిపి కరిగిస్తే సూది వట్టిదే. రైతుకు ఇంకో 21 రోజుల మేత దండుగ. సచ్చిన విత్తనానికి పంచనామా ఉండదు గదా!

గోపాలమిత్రను తిట్టి లాభం లేదు. ఉమ్మడి రాష్ట్రంల మొదలైన అరకొర కొలువు అది. నత్రజని టైముకు రాకపోతే ఆయన ఊదితే డబ్బా చల్లబడతదా?

ఇంక అసలు సంగతి. జెర్సీకి, హోల్‌స్టీన్‌కు, ముర్రాకు దశాబ్దాలుగా డబ్బాల్లో జాగ ఉన్నది. ఒంగోలు గిత్త బ్రెజిల్ దాకా పోయింది, సంతోషమే, దానితోని మనకు పగలేదు. మరి నల్లమలల, అమ్రాబాద్ గుట్టల్లో లంబాడీ బిడ్డలు మేపుకొచ్చిన మన పొడ తూర్పు? ఉమ్మడి పాలనల దానికి జాతి అన్న గుర్తింపే లేదు. కురుమూర్తి జాతరల దాన్ని కొనే రైతుకు తెలిసిన జాతి సర్కారు కాగితానికి తెల్వలేదు. ఆ గుర్తింపు 2014లో మన రాష్ట్రం వచ్చినంకనే దక్కింది.

ట్రాక్టర్లొచ్చినయి, ఎడ్లెందుకు అనేటోళ్లున్నరు. అందుకే నిలవ చెయ్యాలంటున్నం! నత్రజనిల పెట్టిన విత్తనం దశాబ్దాలు ఉంటది. మందలు కోతకు అమ్ముడుపోయినంక ఏ డబ్బాలో వెతుకుతరు?

కరీంనగర్ వీర్య కేంద్రం ఇప్పుడు మనదే. అక్కడ పొడ తూర్పు కోడెలెన్ని? ఏడాదికి డోసులెన్ని? కరిగించినంక కదలిక పరీక్ష ఊర్లల్ల ఎన్నిసార్లు చేసిండ్రు? లెక్క దవాఖాన గోడ మీద రాయండి. రాయకపోతే రాజేంద్రనగర్, కోరుట్ల వెటర్నరీ కాలేజీల తమ్ముళ్లు, చెల్లెండ్లు మైక్రోస్కోపు పట్టుకొని మండలాలకు కదలాలె. రైతు ముందటనే స్ట్రా కరిగించి చూపెట్టాలె.