విశ్వేశ్వరయ్య పుస్తకమూ, మొయినాబాద్ ప్లాటూ

ఈ మధ్య వరసగా రెండు పుస్తకాలు చదివాను. ఒకటి మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇంగ్లీషులో రాసుకున్న 'మెమోయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్' (1951). రెండోది అనుపమ్ మిశ్ర హిందీ పుస్తకం 'ఆజ్ భీ ఖరే హై తాలాబ్' (1993). రెంటికీ పైకి ఏ చుట్టరికమూ లేదు. ఒకాయన ఆనకట్టలు కట్టిన ఇంజనీరు, ఇంకొకాయన ఊళ్ల చెరువుల వెంట తిరిగిన గాంధేయవాది. కానీ చేవెళ్ల, మొయినాబాద్ వైపు ప్లాటు చూస్తున్న మన ఆఫీసుల జనం (చూడనివాళ్లెవరో చెప్పండి :-)) ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా అభిప్రాయం.

ముందే చెప్తున్నా, విశ్వేశ్వరయ్య పుస్తకం చప్పగా ఉంటుంది. తొంభై ఏళ్ల వయసులో జీవితం గురించి రాస్తూ కూడా ఆయన స్టేటస్ రిపోర్టే రాశాడు. ఇక్కడ ఈ పని చేశాను, అది అయ్యాక అక్కడికి వెళ్లాను, అంతే. సుక్కూరు, పూనా, ఏడెన్ అన్నీ అలాగే గడిచిపోతాయి. హైదరాబాదు భాగం దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను నిటారుగా కూర్చున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. వేలమంది పోయారు. అప్పటికి ఆయన బొంబాయి సర్కారు ఉద్యోగం వదిలేసి విదేశాల్లో తిరుగుతున్నాడు. నిజాం ప్రభుత్వం కబురు పెడితే 1909లో వచ్చాడు. వచ్చి కట్టడం మొదలుపెట్టలేదు, లెక్కలు తీశాడు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన. ఊరికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు, దాదాపు చదరపు మైలుకి ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడితే అదీ తెగుతుంది, రెండూ కలిసి మూడోదాని మీద పడతాయి.. ప్రొడక్షన్‌లో ఒక సర్వర్ పడిపోయి మిగతావాటిని లాక్కుపోవడం చూసినవాళ్లకి నేను వేరే వివరించక్కర్లేదు.

ఆయన చెప్పిన పరిష్కారం, నగరానికి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, వరద నీళ్లని పట్టి ఉంచే రెండు పెద్ద జలాశయాలు. మూసీ మీదది ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట) 1920లో, ఈసీ మీదది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండింటి మధ్యనే మొయినాబాద్. దాని అవతల చేవెళ్ల. ఆ రెండు మండలాల్లో పడ్డ వాన చాలా మటుకు చేరేది ఈ రెండింటిలోకే.

గమనించారా, ఇక్కడ మొదటి రిక్వైర్‌మెంటు వరద ఆపడం. తాగునీరు దాని తరవాతది. 1996లో వచ్చిన జీవో 111 ఈ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో కాలుష్యపు ఫ్యాక్టరీలూ పెద్ద హోటళ్లూ కాలనీలూ వద్దంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. చెప్పిన కారణం ఏమిటంటే, నగరానికి కృష్ణా గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ నీళ్ల మీద పెద్దగా ఆధారపడట్లేదు అని. అంటే రెండు పనులు చేసే మాడ్యూల్లో ఒక పని ఎవరూ వాడట్లేదని మొత్తం మాడ్యూల్ చుట్టూ ఉన్న రక్షణ తీసేయడం అన్నమాట. మొదటి పని సంగతేమిటి? 2025 సెప్టెంబరు ఆఖర్లో ఈ జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చేసింది. 1908 వరదకి సరిగ్గా 117 ఏళ్లకి, దాదాపు అదే తారీఖుల్లో. ఎగువన పొలాలున్నచోట కాంక్రీటు పరిస్తే నేలలోకి ఇంకాల్సిన నీరు కూడా నేరుగా గేట్ల దగ్గరికే వస్తుంది. దీనికి విశ్వేశ్వరయ్యంత ఇంజనీరు అక్కర్లేదు.

మిశ్ర పుస్తకం ఇంకో దారి. అసలు చెరువు ఎవరు తవ్వారు, కొలతలు ఎవరికి తెలుసు, ఏ భాగానికి ఏ పేరు అని ఒక్కో మాటా పట్టుకుని వెళ్తాడు. చదువుతున్నంతసేపూ మన మాటలే గుర్తొచ్చాయి నాకు.. కట్ట, తూము, మత్తడి, శిఖం, నీరటికాడు. ఇందులో 'ఆగౌర్' అనే మాటొకటి. చెరువులోకి నీళ్లు జారే నేల అని. రాజస్థాన్‌లో కొన్నిచోట్ల అక్కడ చెప్పులేసుకుని తిరగరట. మనం పేపర్లో 'పరీవాహక ప్రాంతం' అని చదివి పేజీ తిప్పేస్తాం. జీవో 111 చెప్పింది ఆ చెప్పుల మాటే, కాకపోతే సర్కారు భాషలో.

మిశ్రతో నాకు పేచీ లేకపోలేదు. పాతకాలం ఆయనకి మరీ బంగారంలా కనిపిస్తుంది. ఏ కులంవాళ్లని ఏ రేవులో నీళ్లు ముట్టనిచ్చారు, ఆఖరి మడికి తడి అందిందా లేదా అన్నదగ్గర ఆగాల్సినంతసేపు ఆగడు. మన ఊళ్లలో బావుల చరిత్ర తెలిసినవాళ్లకి ఈ లోటు గట్టిగానే తగులుతుంది.

విశ్వేశ్వరయ్య పుస్తకంలోనూ ఎగువ ఊళ్లవాళ్లు కనపడరు, జలాశయం ఎత్తూ ఖర్చూ కనిపిస్తాయి. మొయినాబాద్ రైతు అడిగే ప్రశ్న చాలా న్యాయమైనది. మీ ఊరు మునగకుండా నా పొలం ధర ఎందుకు ఆగాలి? అవతల గచ్చిబౌలిలో అమ్ముకున్నవాడు కోటీశ్వరుడయ్యాడు. ఇక్కడ వీడికి ఇల్లు పెంచుకోవడానికీ అనుమతి గొడవే. డబ్బున్నవాళ్ల ఫామ్‌హౌసులు మాత్రం జీవో ఉండగానే లేచాయి. దానికి జవాబు జీవో ఎత్తేయడం కాదు, ఆ పొలాన్ని పొలంగా ఉంచినందుకు రైతుకి ఏటా డబ్బు కట్టడం అని నేననుకుంటాను. న్యూయార్కు నగరం 1997లో ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. కోట్ల డాలర్లు పోసి నీళ్లు వడకట్టే ప్లాంటు కట్టే బదులు, క్యాట్‌స్కిల్ కొండల్లోని రైతులకీ ఊళ్లకీ డబ్బిచ్చి ఎగువ నేలని కాపాడుకుంటోంది. మన నీళ్ల బిల్లులో నెలకి ఓ యాభై ఎక్కువ వేస్తే నేను కడతాను. వీసా కోసం చిలుకూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసినవాళ్లం, ఆ గుడి ఉన్న మండలానికి నెలకి యాభై ఇవ్వలేమా ఏమిటి?

ఆదివారం బీజాపూర్ రోడ్డులో మర్రిచెట్ల కింద వెళ్తుంటే పోస్టరు మీద పోస్టరు 'లేక్ వ్యూ' అని ఊరిస్తాయి. సైటు చూపించే కుర్రాణ్ణి మత్తడి ఎటుపక్కన ఉందో, ఎఫ్‌టీఎల్ రాళ్లు ఎక్కడ పాతారో అడిగి చూడండి. వాడు ఫోన్ తీసి ఇంకెవరికో చేస్తాడు. ఊళ్లో ఒక ముసలాయన్ని అడిగితే చేత్తో చూపించేస్తాడు.

అన్నట్టు మిశ్ర తన పుస్తకానికి కాపీరైటు పెట్టుకోలేదు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. హిందీ కూడబలుక్కుని చదవగలిగితే చాలు, చాలా తేలిక వాక్యాలు. విశ్వేశ్వరయ్యది మాత్రం హైదరాబాదు భాగం ముందు చదవండి, ఓపికుంటే మిగతాది.