వేడి మీదే చూడాలి

మా కారుకు ఓ జబ్బు పట్టుకుంది. పొద్దున్నే తాళం తిప్పితే చక్కగా స్టార్టవుతుంది. పది పదిహేను కిలోమీటర్లు తిరిగి, ఎక్కడైనా ఆపి, పది నిమిషాల్లో మళ్లీ బయల్దేరదామంటే మాత్రం మొండికేస్తుంది. ముప్పావుగంట ఆగితే ఏమీ ఎరగనట్టు కదులుతుంది.

మే నెలలో ఓ మధ్యాహ్నం, సిటీలో అత్తమ్మకు కంటి పరీక్ష చేయించి కోహెడకు తిరిగొస్తూ హయత్‌నగర్‌లో మందుల షాపు దగ్గర ఆగాం. అంతే, కారు మళ్లీ స్టార్టవలేదు. పరీక్ష కోసం కళ్లలో చుక్కలు వేశారేమో, ఆవిడ ఎండను చూడలేకపోతోంది. షాపు నీడలో స్టూలు వేయించి, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని కూర్చోబెట్టాం. ఆ నలభై నిమిషాలు నేను మరిచిపోలేదు.

మర్నాడు పొద్దున్నే మా వారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. చల్లని కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. "ఏం లేదు సార్, బ్యాటరీ పాతదైంది" అన్నాడు. కొత్తది వేయించాం. వారానికే మళ్లీ అదే కథ. ఈసారి స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. ఆ తర్వాత పెట్రోలు పంపు మార్చాలన్నాడు. అప్పుడు నేను అడ్డుపడ్డాను. "కార్ల గురించి నీకేం తెలుసు?" అన్నారు మా వారు.

నిజమే, నాకు కార్లు తెలియవు. కానీ పిల్లల జ్వరాలు తెలుసు. రోజూ సాయంత్రం జ్వరమొచ్చే పిల్లాడిని పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఒళ్లు చల్లగా ఉంటుంది. అందుకే ఏ పూట ఎంత జ్వరమో కాగితం మీద రాసి పట్టుకెళ్తాం. కారుకూ అదే చేశాను. పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ తీసి ఎంత దూరం తిరిగింది, ఎంతసేపు ఆపాం, ఎంతసేపటికి స్టార్టయింది, సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరిగిందా లేదా అని ప్రతిసారీ రాశాను.

ఆ చివరి ప్రశ్నే ముఖ్యమని తర్వాత తెలిసింది. సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయినా, బరువుగా తిరిగినా స్టార్టర్ మోటారునో, బ్యాటరీ వైర్లనో అనుమానించాలి. ఇంజన్ బాగానే తిరుగుతూ అందుకోవడం లేదంటే నిప్పురవ్వో పెట్రోలో సరిగ్గా అందడం లేదన్నమాట. మాది రెండో రకం. పైగా సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదలడమే లేదు.

మా మరిది పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయమన్నాడు. అది పాత అంబాసిడర్ల వైద్యం. వాటిలో వేసవి వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరయ్యేది. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో పెట్రోలు పంపుతుంది కాబట్టి ఆ బాధ అరుదు.

నా పుస్తకం పట్టుకుని ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. "వేడెక్కాక, మొండికేసినప్పుడే చూడు తమ్ముడూ" అన్నాను. అతను అరగంట తిప్పి, ఆపి, స్టార్టవనప్పుడు మీటరు పెట్టి చూశాడు. క్రాంక్ షాఫ్ట్ సెన్సర్ పోయిందన్నాడు. ఇంజన్ ఎలా తిరుగుతోందో కంప్యూటరుకు చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే కంప్యూటరు నిప్పురవ్వా ఇవ్వదు, పెట్రోలూ వదలదు. మా సెన్సర్ లోపలి సన్నని తీగ వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తోందట. మార్పించాం. బ్యాటరీకి పెట్టినదాంట్లో సగం కూడా ఖర్చు కాలేదు.

మొదటి మెకానిక్ మోసగాడని నేననను. అతనికి మేం జబ్బును చూపించనేలేదు. చూడని జబ్బుకు ఊహతో సామాన్లు మార్చడం అతని తప్పయితే, మార్చనివ్వడం మాది. పక్క సీట్లో కూర్చునే మనం బోలెడు గమనిస్తాం, కానీ మనకేం తెలుసులే అని నోరు మూసుకుంటాం. చెప్పండి, రాసి చూపించండి. పరీక్ష కాకుండా ఏదీ మార్చనివ్వకండి. ఒక్క జాగ్రత్త మాత్రం: వేడి ముల్లు ఎర్ర గీత దగ్గరుంటే అది వేరే జబ్బు. రేడియేటర్ మూత తీయకుండా చల్లారనివ్వాలి.

పోయిన వారం అత్తమ్మను మళ్లీ చూపించి వస్తూ, అదే మందుల షాపు దగ్గర కావాలనే ఆపించాను. పది నిమిషాలకు తాళం తిప్పితే ఒక్కసారికే అందుకుంది. వెనక సీట్లోంచి అత్తమ్మ అంది: "ఆ పాల పుస్తకం కార్లనే పెట్టు బిడ్డా."