అరకి పావు కలిపితే తగ్గుతుందా?

మా పక్కింటి అమ్మాయి ఏడో తరగతి. మొన్న యూనిట్ టెస్ట్ పేపరు పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది. 1/2కి 1/4 కలపమంటే పైవి రెండూ, కిందవి రెండూ కూడేసి 2/6 అని రాసింది. వెనకే వచ్చిన వాళ్లమ్మ, "దీనికి లెక్కలు రావు వదినగారూ, అంతా నా పోలికే. టెన్త్ గట్టెక్కితే బైపీసీలో పడేస్తాను" అంది.

నేనేమీ లెక్కల టీచర్ని కాను. డిగ్రీ చదివి, వంట చేసుకుంటూ కథలు రాసుకునేదాన్ని. అయినా ఉండబట్టలేక ఆ పిల్లని అడిగాను.

"డబ్బాలో అర కిలో కందిపప్పు ఉంది. ఇంకో పావు కిలో పోశాం. ఎంతయింది?"

"ముప్పావు" ఠక్కున చెప్పింది.

"మరి నువ్వు రాసిన 2/6 అంటే మూడో వంతు. కిలోలో మూడో వంతంటే 333 గ్రాములు. అర కిలోలో ఇంకా పోస్తే పప్పు తగ్గిపోయిందేమే?"

కాసేపు నోరు తెరుచుకుని చూసి, "వన్ బై ఫోర్ అంటే పావేనా ఆంటీ?" అంది.

నా మనసు చివుక్కుమంది. పావు అంటే ఆ పిల్లకి కొట్లో తూచి ఇచ్చే ఒక కొలత. వన్ బై ఫోర్ అంటే మాత్రం గీతకి పైనొకటీ కిందొకటీ ఉన్న రెండు అంకెలు. అందుకే 1/3, 1/4లలో ఏది పెద్దదంటే చాలామంది పిల్లలు 1/4 అంటారు. మూడు కన్నా నాలుగు పెద్దది కదా మరి!

ఇది ఒక్క పిల్ల గొడవే అయితే రాసేదాన్ని కాదు. 2024 డిసెంబరులో దేశమంతటా 3, 6, 9 తరగతుల పిల్లలకి 'పరఖ్' సర్వే జరిగింది. ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవాళ్లు 53 శాతం. అర, పావు లాంటి నిత్యం వాడే భిన్నాలని చూపించి, పోల్చగలిగినవాళ్లు 29 శాతమే. 2021లో మొదలైన 'నిపుణ్ భారత్' గురి మూడో తరగతి దాకానే. భిన్నాలు బరువెక్కేది ఆ తర్వాత. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకం రొట్టెలు సమంగా పంచుకోవడంతోనే భిన్నాలు మొదలుపెట్టింది. మంచిదే. కానీ క్లాసులో సిలబస్ తరుముతుంటే రొట్టె పక్కకి పోయి, క.సా.గు. సూత్రం ఒక్కటే మిగులుతుంది. పాపం, టీచర్లని మాత్రం ఎంతని అనగలం?

నాకు కోపమొచ్చింది మాత్రం ఆ 'నా పోలికే' అన్న మాటకి. చీటీ పాటలో తన వాటాకి ఎంత కలిసొస్తుందో నోటితో చెప్పే మనిషి ఆవిడ! తనకి లెక్కలు రావని తనే నమ్మేసి, కూతురికీ అదే నూరిపోస్తోంది. అయినా బైపీసీలో పడేస్తే మాత్రం భిన్నాలు వదులుతాయా? రేపు నర్సయితే, చంటిపిల్లకి అర మాత్రో, పావు మాత్రో ఎవరు తేలుస్తారు?

పాత కేలండరు కాగితం రెండు పట్టీలుగా కత్తిరించి ఇచ్చాను. ఒకటి నాలుగు మడతలు, ఒకటి మూడు. నాలుగైతే సులువుగానే వచ్చాయి. మూడు సమంగా రాక పిల్ల తంటాలు పడుతోంది.

"అట్లా కాదే, ఇటివ్వు" అంటూ వాళ్లమ్మ కొంగు దోపుకుని పక్కన కూర్చుంది.