చెవి కారడం చిన్న విషయం కాదు

“బాబుకు చెవి కారుతోందండీ. పెద్దయితే అదే పోతుందని మా అత్తగారు అన్నారు.” ఓ.పి.లో ఈ మాట మేము తరచుగా వింటాము. పెద్దలు ప్రేమతోనే అంటారు. కానీ ఇది సరైన మాట కాదని మేము గట్టిగా చెప్పదలచుకున్నాము.

చిన్నపిల్లల్లో ముక్కు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలిపే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందువల్ల జలుబు చేసినప్పుడు క్రిములు సులభంగా చెవికి చేరతాయి. లోపల చీము పట్టి కర్ణభేరిని నొక్కుతుంది. మాటలు రాని పసిబిడ్డ నొప్పి అని చెప్పలేదు. జ్వరం, రాత్రిపూట ఆగని ఏడుపు, పాలు తాగకపోవడం, మాటిమాటికీ చెవి లాక్కోవడం – ఇవే గుర్తులు. కర్ణభేరికి చిల్లు పడి చీము బయటికి వస్తే నొప్పి తగ్గి బిడ్డ నిద్రపోతుంది. జబ్బు నయమైందని మనం పొరబడేది అక్కడే.

రెండు వారాలు దాటినా చెవి కారుతూనే ఉంటే వినికిడి తగ్గవచ్చు. మాటలు ఆలస్యం కావచ్చు. బడిలో టీచరు చెప్పింది వినపడదు. “పిలిస్తే పలకడు, మొండివాడు” అని దెబ్బలు తినే పిల్లలున్నారు. వినపడని బిడ్డను కొట్టడం ఎంత అన్యాయం! తిట్టే ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించండి.

కారే చెవిలో నూనె, ఆకుపసరు, చనుబాలు పోయవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టవద్దు. శుభ్రమైన నూలుగుడ్డను వత్తిలా చేసి చెవిలో ఉంచండి. తడవగానే తీసి కొత్తది పెట్టండి. చెవి పొడిగా అయ్యేదాకా ఇలా రోజుకు మూడుసార్లు చేయాలి. డాక్టరు రాసిన మందు మధ్యలో మానవద్దు. చెవి వెనుక వాపు వచ్చినా, మూతి వంకర పోయినా, మెడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రాకుండా చూసుకోవడం మన చేతుల్లో చాలావరకు ఉంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి. సీసా పాలు పట్టక తప్పకపోతే తల ఎత్తి పట్టండి. తండ్రులకు ఒక మనవి: ఇంట్లో బీడీ, సిగరెట్టు కాల్చకండి. న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటా ప్రభుత్వ ఉచిత టీకాల్లో చేరింది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు తప్పక వేయించండి. అన్ని చెవి జబ్బులనూ ఇది ఆపలేదు గానీ కొన్నింటిని ఆపుతుంది.

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని చెవి కారే బిడ్డ ఉంటే ఈ వారమే తీసుకురండి. పెద్దయ్యేదాకా ఆగితే చీము ఆగిపోవచ్చు. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాకపోవచ్చు.