గేటుకు రంగు - తొందరపాటు తగదు

సంక్రాంతి నాలుగు రోజులున్నదనగా గోడలకు సున్నము, గేట్లకు రంగు వేయుట మన పల్లెలలో ఆచారము. పండుగనాడు వీధి గేట్లు, కిటికీ గ్రిల్లులు, డాబామెట్ల కమ్ములు నిగనిగలాడుచుండును. వర్షకాలము గడచునప్పటికి ఆ గేటు అడుగుననే రంగు బుడగలెత్తి, పెచ్చులూడి, తుప్పు బయటపడును. అప్పుడు మనము రంగు అమ్మినవానిని నిందింతుము. తప్పు చాలవరకు డబ్బాలోని రంగుది కాదు, దాని క్రింద మనము వదలిన తుప్పుదని నా అభిప్రాయము.

ఇనుము తుప్పుపట్టుటకు గాలి, నీరు రెండును కావలెను. కొండకర్లలో ఆ రెండింటికిని కొదువ లేదు. ప్రక్కనే ఆవ ఉన్నది. తెల్లవారుజామున ఇనుము మంచుతో తడిసియుండును. పూడిమడక తీరము కూడ ఎంతో దూరము కాదు; సముద్రపు గాలి తెచ్చు ఉప్పు ఇనుముపై పేరుకొని తేమను పట్టియుంచును. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే దానిపై ఎంత ఖరీదైన రంగు వేసినను లోపలినుండి పొంగి నెట్టివేయును. పుచ్చు గింజలు చల్లి, ఎరువు వేసినంత మాత్రమున పంట రాదుగదా!

కావున రంగు వేయుటకన్న ఇనుమును శుభ్రపరచుటకే ఎక్కువ సమయము కేటాయింపుడు. ముందుగా మంచినీటితో ఉప్పు, దుమ్ము కడుగవలెను. ఊడుచున్న పాత రంగును తడిపి గోకవలెను. ఆరిన పిమ్మట ఇనుప తీగల బ్రష్షుతో, గరుకు కాగితముతో తుప్పు వదల్చి, గుడ్డతో తుడిచి, ఆ దినమే రెడ్ ఆక్సైడు ప్రైమరు పూయవలెను. అది బాగుగా ఆరిన తరువాత ఎనామెలు రెండు పూతలు, డబ్బాపై చెప్పిన వ్యవధి నిచ్చి, వేయవలెను. బందులు, అతుకులు, గేటు అడుగుభాగము మరువరాదు. తుప్పు మొదలగునది అక్కడనే. మంచు ఆరకముందును, కమ్మి చేతికి చురుక్కుమనునంతటి ఎండలోను రంగు వేయరాదు.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి పూతలలో సీసము ఎక్కువగా ఉండవచ్చును. ఇనుముకు తొలిపూతగా సీసపు సింధూరము వాడుట పాత అలవాటు. అట్టి పెచ్చులు పశువులశాలలో గడ్డిపై రాలినచో దూడలు నాకును. సీసపు విషమెక్కిన పశువు చూపు కోల్పోవును, పండ్లు కొరుకును, తూలును, వణకుచు పడిపోవును. ఈ గుర్తులు కనబడినచో ఆలసింపక పశువైద్యుని పిలువుడు. చిన్నపిల్లలకును గర్భిణీ స్త్రీలకును ఆ ధూళి హానికరమే. పాత రంగును మంటతో కాల్చి తీయరాదు. క్రింద పట్టా పరచి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, పిల్లలను పశువులను దూరముగా ఉంచి పని చేయుడు. రాలిన పెచ్చులను పెంటకుప్పలో వేయక, ఆవలోనికి పారు కాలువలలో కలియనీయక, మూటకట్టి చెత్త బండివారికి విడిగా అప్పగింపుడు.

గోకించుటకు కూలి దండుగ యని కొందరందురు. తుప్పుపై వేసిన రంగు ఏటేట వేయవలసివచ్చినచో దండుగ ఏదో లెక్క వేసికొనుడు. ఒక్కమారు అంతయు చేయలేనివారు ఈ యేడు అడుగుభాగము, బందులైనను సరిగా చేయించుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. బడి గేటుకుగాని, పంచాయతీ బోరింగుకుగాని రంగు వేయించునప్పుడు తుప్పు తీయుటను, ప్రైమరును అంచనాలో విడివిడిగా చూపుడు. ప్రైమరు పూత కన్నులార చూచిన పిదపనే పైరంగుకు అనుమతి నీయుడు. పైరంగు పడిన తరువాత లోపలి పని ఎవరును కనిపెట్టలేరు.

రైతు సోదరులారా! రానున్న సంక్రాంతికి పదునైదు దినములు ముందుగా పని మొదలిడుడు. రంగు డబ్బా కొనుటకు ముందు ఇనుప బ్రష్షు కొనుడు.