కొత్త టీచరుకు మొదటి ఏడాది తోడెవరు?

2024 డీఎస్సీతో తెలంగాణలో దాదాపు 10 వేల మంది, 2025 మెగా డీఎస్సీతో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 16 వేల మంది కొత్తగా టీచర్లయ్యారు. టెట్‌, డీఎస్సీ రెండూ గట్టెక్కినవాళ్లకు ఆత్మవిశ్వాసం తక్కువేమిటని చాలామంది అనుకుంటారు. కానీ పరీక్షలో వచ్చిన ర్యాంకు తరగతి గదిలో ధైర్యంగా మారదు. చెప్పింది పిల్లలకు అందిందని కళ్లారా చూసినప్పుడే, అందకపోతే ఏం చేయాలో తెలిసినప్పుడే ఆ ధైర్యం వస్తుంది. అమెరికాలో అనిటా వూల్‌ఫోక్‌ హోయ్‌, రోండా బర్క్‌ స్పీరో 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త టీచర్లకు తమ బోధనపై శిక్షణ కాలంలో పెరుగుతూ వచ్చిన నమ్మకం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తగ్గిపోయింది. ఆ ఏడాది వాళ్లకు ఎంత ఆసరా దొరికిందన్న దానితో ఈ మార్పు ముడిపడి ఉంది. కాబట్టి కొత్త టీచరు బెరుకును ఆ మనిషి లోపంగా చూడటం తప్పు. అది విద్యాశాఖ చేయాల్సిన ఏర్పాటు చేయకపోవడం వల్ల వచ్చింది.

మన దగ్గర జరిగేది చూడండి. శిక్షణ కాలంలో కొన్ని వారాలు బడిలో గడుపుతారు, మంచిదే. అప్పుడు వెనక బెంచీలో ఒక పెద్ద టీచరు ఉంటారు, ముందున్నది ఒకే తరగతి. ఉద్యోగం వచ్చాక సీనియర్లు కోరుకోగా మిగిలిన ఖాళీలే కొత్తవాళ్లకు దక్కుతాయి. అవి చాలావరకు మారుమూల ఊళ్లే, కొన్నిచోట్ల ఏకోపాధ్యాయ బడులు. అలాంటి బడిలో నల్లబల్లను గీతతో రెండుగా చీల్చి ఒకవైపు గుణింతాలు, మరోవైపు భాగహారం రాయాలి. ఐదో తరగతి వాళ్లకు లెక్క ఇచ్చి ఇటు తిరిగేసరికి ఒకటో తరగతి పిల్ల ఇంటికి పోతానని ఏడుస్తుంటుంది. ఆ సమయంలో ఏం చేయాలో పీరియడ్‌ ప్లాన్‌లో ఉండదు, పక్క గదిలో అడుగుదామంటే ఎవరూ ఉండరు.

‘మాకెవరు నేర్పారు, మేం నేర్చుకోలేదా’ అని సీనియర్లు అంటారు. నేర్చుకున్న మాట నిజమే. కానీ వాళ్లు తడుముకున్న ఆ ఏళ్ల ఖరీదు పిల్లలు చెల్లించారు, ఒకటో తరగతి రెండోసారి రాదు కదా. ఉమ్మడి రాష్ట్రంలో డీఎస్సీలో ఎంపికైనవారిని కొన్నేళ్లపాటు అప్రెంటిస్‌ టీచర్లన్నారు. జీతంలో కోత పడింది తప్ప, పని నేర్పే గురువును పక్కన పెట్టలేదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఉన్న టీచర్లే చాలడం లేదు, తోడుకు ఎవరిని పంపుతారు? ఇంగ్లండ్‌లో 2021 నుంచి కొత్తవారికి రెండేళ్లు మెంటర్‌ ఉంటారు, మొదటి ఏడాది బోధనా సమయంలో పదో వంతు తగ్గిస్తారు. అదంతా ఇక్కడ రేపే సాధ్యం కాదని ఒప్పుకుంటాను. అయితే మొదటి ఏడాది ఎవరినీ ఏకోపాధ్యాయ బడికి పంపకుండా చూడొచ్చు. స్కూల్‌ కాంప్లెక్స్‌ పరిధిలోని ఒక మంచి సీనియర్‌ టీచరు పదిహేను రోజులకోసారి వచ్చి ఒక పూట ఆ తరగతిలో కూర్చోవచ్చు, తానే ఒక పాఠం చెప్పి చూపించవచ్చు. అలా వచ్చే మనిషికి తనిఖీ అధికారం మాత్రం ఇవ్వకూడదు. ‘మూడో తరగతికి వచ్చినా ఈ బాబుకు ఒత్తులు రావడం లేదు, ఎలా చెప్పను?’ అని కొత్త టీచరు అడగగలగాలి. మెమో వస్తుందన్న భయముంటే ఆ మాట నోరు దాటదు.