చిల్లర లెక్కపెట్టడం నేర్పని గణితం

మా మొహల్లాలో మగ్రిబ్ నమాజు తరువాత మస్జిదు పక్క గదిలో మేము నలుగురైదుగురం, ఉద్యోగాల నుంచి విరమించినవాళ్లం, ప్రాథమిక పాఠశాల పిల్లలకు చదువు చెబుతున్నాము. అక్కడ నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. 500 నుంచి 368 తీసివేయమని పలక మీద వేస్తే అరనిమిషంలో 132 అని రాసి చూపిస్తుంది. అదే అమ్మాయి ఒకరోజు 500 నోటుతో కిరాణా కొట్టుకు వెళ్లి 368 రూపాయల సరుకు తెచ్చింది. తిరిగి వచ్చిన చిల్లర 112. అలాగే తీసుకువచ్చి తల్లి చేతిలో పెట్టింది. "చిల్లర సరిపోయిందా బేటీ?" అని అడిగితే, "షావుకారు ఇచ్చాడు కదా చాచా!" అంది. ఆ షావుకారు మోసం చేశాడని మేము అనడం లేదు. వెళ్లి చెప్పగానే 20 రూపాయలు తిరిగి ఇచ్చాడు. పలక మీది తీసివేతా, కొట్టులోని చిల్లరా ఒకటే లెక్క అని ఆ బిడ్డకు నాలుగేళ్ల చదువులో ఎవరూ చెప్పకపోవడమే మా బాధ.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ కూడా అదే గదిలో కూర్చుంటుంది. సెలవు రోజుల్లో తండ్రితో పాటు అరటిపండ్ల బండి దగ్గర నిలబడే పదేళ్ల అబ్బాయి అతడు. డజను 60 రూపాయలైతే ఏడు కాయలు ఎంత అంటే, ప్రశ్న పూర్తి కాకముందే 35 అంటాడు. వంద నోటు ఇస్తే 65 తిరిగి ఇవ్వాలని కూడా చెబుతాడు. అదే లెక్కను భాగహారం, గుణకారం గుర్తులతో కాగితం మీద రాసి ఇస్తే పెన్సిలు కొరుకుతూ కూర్చుంటాడు. బడి దృష్టిలో అతడు లెక్కల్లో వెనుకబడిన విద్యార్థి. వాళ్ల నాన్న దృష్టిలో, చదువు అబ్బని కొడుకు. ఇంకో రెండేళ్లలో బడి మానిపించి బండి దగ్గరే నిలబెడతారని మాకు భయం.

ఇది మా గదికే పరిమితమైన వింత కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరీక్షించి 2025లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. బజారులో క్లిష్టమైన బేరాలను నోటితో తేల్చే పిల్లలు పాఠ్యపుస్తకపు లెక్కల దగ్గర ఆగిపోయారు. బడి పిల్లలు పుస్తకపు లెక్కలు చేశారు గానీ కొనుగోలు, అమ్మకాల లెక్కల దగ్గర తడబడ్డారు. రెండు రకాల తెలివీ మన పిల్లల్లో ఉంది. ఒకదానికీ మరొకదానికీ మధ్య వంతెన వేయవలసిన బాధ్యత బడిది. బడి ఆ పని చేయడం లేదు.

ఇంత చిన్న సంగతికి ఒక హక్కుల పత్రికలో ఇన్ని పుటలెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మన మొహల్లాల్లో తెల్లవారగానే తిరిగే డైలీ ఫైనాన్సు మోటారు సైకిళ్లను ఒకసారి తలచుకోండి. 10,000 రూపాయల అప్పు అంటారు. ముందే 1,500 పట్టుకొని 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. తీసుకునే చెల్లెమ్మ ఏమనుకుంటుంది? పదివేలకు పదిహేను వందలే కదా, నూటికి పదిహేను, ఫరవాలేదనుకుంటుంది. కానీ చేతికి వచ్చింది 8,500 మాత్రమే. పైగా అసలు మొదటి రోజు నుంచే తీరిపోతూ ఉంటుంది. వంద రోజుల పొడవునా ఆమె దగ్గర ఉన్న అప్పును సగటున చూస్తే అందులో సగం. ఆ సగానికి మూడు నెలల పది రోజులకు 1,500 పడింది. అంటే నెలకు నూటికి పది రూపాయలకు దగ్గరగా వెళ్లింది వడ్డీ. ఏడాదికి 120 శాతం. మన వాడుకలో "నూటికి మూడు రూపాయల వడ్డీ" అన్నప్పుడు అది ఏడాదికి 36 శాతమని ఎంతమందికి స్ఫురిస్తుంది? మూడు అనే మాట చిన్నది కాబట్టి అప్పు కూడా చిన్నదిగా కనిపిస్తుంది. మైక్రోఫైనాన్సు వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగిన తరువాత, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పుడు పత్రికలన్నీ సంస్థల గురించి రాశాయి. ఆ కాగితాల మీద ఏమి రాసి ఉందో చదివి లెక్క కట్టగలిగినవాళ్లు ఎందరని ఎవరూ అడగలేదు.

లెక్క తెలిస్తే అప్పు చేయకుండా ఉంటారా అంటే, ఉండరు. ఈ విషయంలో మాకు భ్రమలు లేవు. బ్యాంకుల నుంచి అప్పు దొరకనివాళ్లే ఆ మోటారు సైకిలు కోసం ఎదురుచూస్తారు. జనాభాలో ముస్లింల వాటాతో పోలిస్తే బ్యాంకు రుణాల్లో వారి వాటా ఎంత తక్కువో 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తించి పక్కన పెడుతున్న సంగతీ అందులో ఉంది. పేదవాడికి పొదుపు తెలియకనే పేదరికం వచ్చిందని చెప్పే కరపత్రాలు మాకు నచ్చవు. మట్టి హుండీ ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోయేవారి ఆర్థిక అక్షరాస్యత మాకు అక్కరలేదు. తాను ఎంత ఇచ్చిందో, తనకు ఎంత రావాలో బిడ్డకు తెలియాలని మాత్రమే మేము అడుగుతున్నాము. తెలిసినవాడు కనీసం ప్రశ్నిస్తాడు.

ప్రశ్నించనివారి గతి ఏమిటో మేము బల్లకు అవతలి వైపు నుంచి చూశాము. గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో, వితంతు పింఛను నెలకు 200 రూపాయలున్న కాలంలో, మూడు నెలల సొమ్ము ఒకేసారి రావడం మామూలే. 600 రావలసిన ముసలమ్మ వేలిముద్ర వేసి, తోడు వచ్చిన మధ్యవర్తి ఇచ్చిన 500 కొంగున ముడివేసుకొని, అతనికే దువా చేసి వెళ్లిపోయేది. ఒక్కరు కాదు, ఎందరో. చూస్తూ మేము నోరు మెదపలేదు. ఆ మధ్యవర్తి పైవారికి కావలసినవాడు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ సాయంకాలపు బడి మేము పెట్టడంలో ఆ సిగ్గు వాటా కూడా ఉంది.

మన ఇళ్లలో మరొక అలవాటు ఉంది. పిల్లల ముందు డబ్బు మాట ఎత్తకూడదంటారు. ఆశ పుడుతుందట. మనసు దునియా వైపు మళ్లుతుందట. ఈ మాట అనే పెద్దలను గౌరవిస్తూనే మేము విభేదిస్తున్నాము. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం ఏ విషయం మీద ఉంది? అప్పును కాగితం మీద రాసుకోవడం మీద, సాక్షులను పెట్టుకోవడం మీద. కొలతల్లో, తూకాల్లో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ ఒక సూరాయే ఉంది. జకాత్ అంటే నలభైలో ఒక భాగం, నూటికి రెండున్నర. ఈ లెక్క ఐదో తరగతి పిల్లవాడికి అందనిది కాదు. 40,000కు ఎంత? 1,000. మా గదిలో దశాంశాలు మేము ఇలాగే మొదలుపెడతాము. బీజగణితానికి పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలో వారసత్వపు పంపకాల లెక్కలకు పెద్ద భాగమే కేటాయించి ఉంది.

వారసత్వం గురించి ఒక్క మాట ఎక్కువగా చెబుతాము, ఆడపిల్లల తల్లిదండ్రులు కోపగించుకున్నా సరే. ఒక మనిషి భార్యను, ఒక కొడుకును, ఒక కూతురును విడిచి మరణించాడు. అప్పులూ వసీయతూ పోగా మిగిలింది 24 లక్షలు. భార్యకు ఎనిమిదో వంతు, మూడు లక్షలు. మిగిలిన 21 లక్షల్లో కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం. అంటే 14 లక్షలు, 7 లక్షలు. ఈ లెక్కను మేము ఐదో తరగతి అమ్మాయిల చేత చేయించినప్పుడు ఒక పిల్ల అడిగింది: "మరి మా ఫుఫీకి ఏమీ రాలేదే?" మాకు జవాబు దొరకలేదు. ఆ మరునాడు వాళ్ల నాన్న వచ్చి, పిల్లలకు ఇలాంటివి ఎందుకు చెబుతున్నారని అడిగాడు. భిన్నాలు చెబుతున్నామన్నాము. సంతకం పెట్టమంటే పెట్టి, పెళ్లిలో ఇచ్చిందే వాటా అనుకొని ఊరుకునే అక్కచెల్లెళ్లు మన ఇళ్లలో ఎందరున్నారో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. తొమ్మిది, పదేళ్లు రాగానే ఆడపిల్లను కొట్టుకు పంపడం మానేస్తాము. దానితో డబ్బు ముట్టుకొని నేర్చుకునే ఒకే ఒక్క దారీ మూసుకుపోతుంది. అటువంటి బిడ్డకు బడిలోనే నేర్పకపోతే ఇంకెక్కడ నేర్పుతారు?

ఇప్పుడు కొట్టుకు వెళ్లే పిల్లలకు కూడా నాణెం కనబడటం లేదు. తండ్రి ఫోను చూపిస్తాడు, కొట్టులోని పెట్టె ఇంత సొమ్ము అందిందని అరుస్తుంది. అయిపోయింది. నాలుగణాలు, ఎనిమిదణాలు వేళ్ల సందున పెట్టుకొని పెరిగినవాళ్లం మేము. పావు, అర, ముప్పావు మాకు పుస్తకం కంటే ముందే తెలుసు. ఉర్దూలో సవా, డేఢ్, ఢాయీ అని ఇంట్లో అమ్మలు అంటుంటే విని భిన్నాలు నేర్చుకున్నాము. నేటి పిల్లలకు ఆ అవకాశం తగ్గింది కాబట్టి చేతికి నాణేలు ఇచ్చి నేర్పడం ఇదివరకటి కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం. (పది రూపాయల నాణెం చెల్లదని మన కొట్లలో ఏళ్ల తరబడి నిరాకరించారు. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు చెప్పినా వినలేదు. మా పిల్లలు ఇప్పుడు ఆ నాణెంతోనే పాఠం మొదలుపెడతారు.)

మేము చేస్తున్నది పెద్ద విద్య కాదు. శనివారం గదిలోనే అంగడి పెడతాము. నిజమైన నాణేలు, నోట్లు. ఐదు రూపాయల బిస్కట్ పొట్లం తెచ్చి దాని మీది బరువు చదివిస్తాము. పది రూపాయల పొట్లంతో పోల్చి గ్రాముకు ఎంత పడిందో కనుక్కోమంటాము. కరెంటు బిల్లు తెప్పించి యూనిట్లు లెక్కపెట్టిస్తాము. అరటిపండ్ల అబ్బాయిని ఆ రోజు అంగడి యజమానిగా కూర్చోబెట్టి, నోటితో చెప్పిన ప్రతి లెక్కనూ పక్కన కాగితం మీద రాయిస్తాము. ఇప్పుడిప్పుడే అతడికి భాగహారం గుర్తు మీద భయం పోతోంది.

అయితే మస్జిదు పక్క గది ప్రభుత్వ బడికి బదులు కాదు. కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ పేరుతో పునాది అక్షరజ్ఞానం, సంఖ్యాజ్ఞానం ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే, 2022-23 నుంచి, మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని 1 నుంచి 8వ తరగతి వరకు ఎత్తివేసింది. విద్యాహక్కు చట్టం కింద ఎలాగూ ఉచిత విద్య ఉందని కారణం చెప్పింది. ప్రాథమిక తరగతుల బిడ్డకు అది నెలకు వంద రూపాయలే కావచ్చు. కానీ ఎన్నో ఇళ్లలో బిడ్డ పేరున వచ్చిన మొదటి బ్యాంకు పుస్తకం దానివల్లనే వచ్చింది. పదేళ్లు నిండిన పిల్లలు తమ సేవింగ్స్ ఖాతాను తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే అనుమతించింది. బ్యాంకు వాళ్లను అడిగి ఆ ఖాతా తెరిపించండి. అందులో పడే వడ్డీని ఏం చేయాలో ఉలమాను అడగండి. ఎంత పడిందో మాత్రం బిడ్డనే లెక్క కట్టనివ్వండి.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మన వాళ్లు ఆ సమావేశాలకు వెళ్లరు, వెళ్లినా మధ్యాహ్న భోజనం సంగతి మాట్లాడి వచ్చేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు మూడు విషయాలు అడిగి, తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఒకటో తరగతి నుంచి లెక్కల పీరియడులో నాణేలు, నోట్లు పిల్లల చేతికి ఇస్తున్నారా? ఉర్దూ మాధ్యమపు పిల్లలకు ఈ లెక్కల ప్రశ్నలు వాళ్ల భాషలోనే అందుతున్నాయా? పండ్ల బండి దగ్గర, మెకానిక్ షెడ్డు దగ్గర పనిచేసే పిల్లల నోటి లెక్కకు పరీక్షలో ఏమైనా విలువ ఉందా? జవాబు ఏమి వచ్చిందో ఈ పత్రికకు రాయండి.